ఆఫీస్ టేబుల్ సర్దుతున్నారా? చెత్తబుట్టలో వేసే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి..

ఉదయం పదిన్నర. ఆఫీసులో ఫోన్ మోగుతుంది. "సార్, మొన్న ఇచ్చిన అప్లికేషన్ ఏమైంది?" అని అవతలి గొంతు. సీట్లో ఉన్నాయన ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, రెండు చేతులతో వెతకడం మొదలుపెడతారు. కీబోర్డు కింద ఓ పెళ్లి శుభలేఖ దొరుకుతుంది. ఫైళ్ల దొంతర ఎత్తితే మూడు నెలల కిందటి క్యాంటీన్ బిల్లు. సొరుగు లాగితే పనిచేయని నాలుగు పెన్నులు, ఏ ఫోన్‌దో తెలియని చార్జర్. అప్లికేషన్ మాత్రం దొరకదు. "కాసేపాగి చేయండి" అని ఫోన్ పెట్టేస్తారు.

ఆ 'కాసేపు' ఒక్కోసారి వారం అవుతుంది. ఒక్కోసారి నెల కూడా.

గవర్నమెంట్ ఆఫీసైనా, ప్రైవేట్ కంపెనీ అయినా, బజార్లో ఉన్న చిన్న అకౌంట్స్ ఆఫీసైనా.. ఈ సీన్ కొత్తేం కాదు. అందుకే 'ఈ ఆదివారం వచ్చి టేబుల్ మొత్తం సర్దేస్తా' అని చాలామంది అనుకుంటూ ఉంటారు. మంచిదే. కానీ సర్దడం మొదలుపెట్టే ముందు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. సర్దడం వేరు, పారేయడం వేరు. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలు మన దగ్గరే ఉన్నాయి.

తుక్కు అమ్మితే 2,364 కోట్లు!

ముందు మంచి ఉదాహరణ చూద్దాం. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో 2021 నుంచి ఏటా అక్టోబర్ 2 నుంచి 31 వరకు ఓ ప్రత్యేక కార్యక్రమం నడుస్తోంది. పరిపాలనా సంస్కరణలు, ప్రజా ఫిర్యాదుల విభాగం దీన్ని చూస్తుంది. పాత ఫైళ్లు తీసేయడం, విరిగిన కుర్చీలు, పాడైన కంప్యూటర్లు, తుప్పుపట్టిన బీరువాలు అమ్మేయడం, ఖాళీ అయిన గదుల్ని మళ్లీ వాడుకోవడం.. ఇదీ పని. 2024 నాటి నాలుగో విడత పూర్తయ్యేసరికి, మొదటి నుంచి కలిపి తుక్కు అమ్మకంతోనే 2,364 కోట్ల రూపాయలు ఖజానాకు వచ్చాయని కేంద్రం ప్రకటించింది. ఏళ్ల తరబడి గదుల మూలల్లో దుమ్ము పట్టి ఉన్న సామాన్ల విలువ ఇది!

ఇందులో గమనించాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఈ కార్యక్రమం పేరులోనే 'పెండింగ్ అంశాల పరిష్కారం' అని ఉంది. అంటే చీపురు పట్టడం ఒక్కటే కాదు.. ఎంపీలు రాసిన లేఖలు, ప్రజల ఫిర్యాదులు, పార్లమెంటులో ఇచ్చిన హామీలు ఎక్కడ ఆగాయో వెతికి తేల్చడం కూడా ఇందులో భాగమే. రెండోది, అక్టోబర్ 2న నేరుగా పని మొదలుపెట్టరు. సెప్టెంబర్ రెండో పక్షమంతా ఏది తీయాలో, ఏది ఉంచాలో గుర్తించడానికే కేటాయిస్తారు. ముందు గుర్తింపు, ఆ తర్వాతే తొలగింపు.

తగలబెడితే సస్పెన్షన్!

ఇప్పుడు రెండో ఉదాహరణ. 2024 ఆగస్టు. తూర్పుగోదావరి జిల్లా ధవళేశ్వరంలోని పోలవరం ప్రాజెక్టు భూసేకరణ ఆఫీసు దగ్గర సగం కాలిన కాగితాలు కనిపించాయి. రాష్ట్రమంతా కలకలం. అప్పటికి నెల కిందటే, జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు చెలరేగి రెవెన్యూ ఫైళ్లు కాలిపోయాయి. దాంతో ధవళేశ్వరంలో కాలినవి అవసరం లేని జిరాక్స్ కాగితాలేనని వివరణ ఇచ్చినా అనుమానాలు ఆగలేదు. పెద్దాఫీసర్లు వచ్చి చూశారు. విచారణ జరిగింది. సిబ్బందిలో కొందరిపై సస్పెన్షన్ వేటు పడింది.

అక్కడ కాలినవి ఏ కాగితాలు అన్న చర్చ ఇక్కడ వద్దు. ఆఫీసులో పనిచేసే ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాల్సిన పాఠం వేరే ఉంది. 'ఇవి పనికిరానివి' అని మనకు తెలిస్తే చాలదు. పనికిరానివని ఎవరు తేల్చారు, ఎప్పుడు తేల్చారు, దానికి రాతపూర్వకంగా ఆధారం ఏముంది అన్నది కూడా ఉండాలి. భూమి పోయినవాళ్లకు ఆ ఆఫీసులో ఉన్న కాగితమే ఆధారం. వాళ్ల కళ్ల ముందు కాగితం కాలుతుంటే, అది జిరాక్సో ఒరిజినలో వాళ్లకు ఎలా తెలుస్తుంది?

భోగి రోజు పాత సామాన్లు మంటలో వేస్తాం. ఇంటి సామాను, మన ఇష్టం. ఆఫీసు కాగితం అలా కాదు. దాని వెనక ఇంకెవరో ఉంటారు.

అందుకే ఈ ఒక్క ప్రశ్న

టేబుల్ సర్దేటప్పుడు ఏ కాగితం చేతికొచ్చినా ఒకటే ప్రశ్న వేసుకోండి.. 'దీనికోసం రేపు ఎవరైనా వస్తారా?'

ఎవరో ఇప్పటికే ఎదురుచూస్తున్నారు అనుకోండి, అది పెండింగ్ పని. ఇవాళ కాకపోయినా ఏడాదికో, రెండేళ్లకో ఆడిటరో, కస్టమరో, కోర్టో అడగొచ్చు అనుకోండి, అది రికార్డు. ఎవరూ రారు అని కచ్చితంగా తెలుసా? అప్పుడే అది చెత్త. తెలియట్లేదా? అయితే దాని సంగతి ఇంకా తేలలేదు. తేలేదాకా చెత్తబుట్ట దగ్గరకు వెళ్లకూడదు.

నిజానికి టేబుల్ మీద పేరుకునేవాటిలో ఎక్కువ భాగం ఈ 'తేలనివే'. ఆ కాగితం వచ్చిన రోజు చేతిలోకి తీసుకుని, చదివి, 'తర్వాత చూద్దాం' అని పక్కన పెట్టినవి. ఆ తర్వాత దాని మీద ఇంకోటి. దాని మీద మరోటి. బద్ధకం వల్ల పెరిగిన గుట్ట కాదది, వాయిదా వేసిన నిర్ణయాల గుట్ట. అందుకే దుమ్ము తుడిచి, అంచులు సరిచేసి, చక్కగా పేర్చినంత మాత్రాన పని తీరదు.

ఏటా దసరాకు జరిగేది ఇదే. ఆయుధపూజ అని ఆఫీసంతా కడుగుతారు. కంప్యూటర్‌కు బొట్టు పెడతారు, ప్రింటర్‌కు పూలదండ వేస్తారు. టేబుళ్లు అద్దంలా మెరుస్తుంటాయి. మరి మీద ఉన్న కాగితాలేమయ్యాయి? ఒక్క కట్టగా కట్టి బీరువాలోకి తోసేశారు. గుట్ట పోలేదు, చోటు మారింది. పైగా ఇప్పుడు కంటికి కూడా కనిపించదు.

కళ్ల ముందు గుట్ట ఉంటే బుర్రకు ఏమవుతుంది?

'నా టేబుల్ అలాగే ఉంటుంది, కానీ ఏది ఎక్కడుందో నాకు తెలుసు' అనేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. 2013లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు కొందరిని చిందరవందరగా ఉన్న గదిలో, ఇంకొందరిని నీట్‌గా ఉన్న గదిలో కూర్చోబెట్టి చూశారు. పింగ్‌పాంగ్ బంతుల్ని కొత్తగా ఎలా వాడొచ్చో చెప్పమంటే, చిందరవందర గదిలో ఉన్నవాళ్లే ఎక్కువ కొత్త ఐడియాలు ఇచ్చారు. నీట్‌గా ఉన్న గదిలోవాళ్లేమో చాక్లెట్ బదులు యాపిల్ తీసుకున్నారు, విరాళం కూడా ఎక్కువిచ్చారు.

ఐన్‌స్టీన్ సంగతి కూడా చాలామందికి తెలిసిందే. 1955 ఏప్రిల్ 18న ఆయన చనిపోయిన రోజు, లైఫ్ మ్యాగజైన్ ఫొటోగ్రాఫర్ రాల్ఫ్ మోర్స్ ప్రిన్స్‌టన్‌లోని ఆయన ఆఫీసులో తీసిన ఫొటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. టేబుల్ నిండా కాగితాలు, పుస్తకాలు. 'ఐన్‌స్టీన్ టేబులే అలా ఉంటే..' అనే వాదనకు ఆ ఫొటోనే సాక్ష్యం.

కానీ ఓ తేడా ఉంది. ఐన్‌స్టీన్ టేబుల్ మీదున్నది ఆయన సొంత ఆలోచనలు. మన టేబుల్ మీదున్నది ఊళ్లోవాళ్ల పనులు. ఎవరిదో లీవ్ లెటర్, ఎవరిదో ఇన్‌వాయిస్, ఎవరిదో పెన్షన్ కాగితం. కొత్త ఐడియా కావాల్సిన పని వేరు, వరుసగా తేల్చాల్సిన పని వేరు.

రెండోదానికి దృష్టి నిలవాలి. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో మెదడు స్కానింగ్‌ల ద్వారా చూసింది ఇదే. కళ్ల ముందు ఒకేసారి చాలా వస్తువులుంటే, అవన్నీ మెదడును తమవైపు లాక్కోవడానికి ఒకదానితో ఒకటి పోటీపడతాయి. ఆఫీసు టేబుళ్ల మీద చేసిన ప్రయోగం కాకపోయినా, విషయం మనకు అనుభవమే. ఒక ఫైలు చదువుతుంటే పక్కనున్న ఇంకో ఫైలు మీద రాసిన 'అర్జెంట్' అనే ఎర్ర అక్షరాలు కంటికి తగులుతూనే ఉంటాయి కదా!

పాతకాలం గుమాస్తాల కిటుకు

కంప్యూటర్లు రాకముందు, వేల ఫైళ్లున్న రెవెన్యూ ఆఫీసుల్లో దీన్ని ఎలా తట్టుకున్నారు? మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచి వస్తున్న జిల్లా ఆఫీసు మాన్యువల్‌లో దీనికో పద్ధతి ఉంది. తాసీల్దార్ ఆఫీసులో పనిచేసినవాళ్లకు ఈ పేర్లు బాగా తెలుసు.

ఎల్.డిస్: ఏడాది ఉంచి తీసేయాల్సిన ఫైలు.
కె.డిస్: 3 ఏళ్లు ఉంచాల్సింది.
డి.డిస్: 10 ఏళ్లు ఉంచాల్సింది.
ఆర్.డిస్: శాశ్వతంగా ఉంచాల్సింది.

ఇందులో అసలు కిటుకు సంవత్సరాల లెక్కలో లేదు. ఆ ముద్ర ఎప్పుడు పడుతుంది అన్నదాంట్లో ఉంది. ఫైలు మీద పని పూర్తయి మూసేసేటప్పుడే, అది ఏ రకమో తేల్చి నంబర్‌తో పాటు రాసేస్తారు. ఆ రోజు విషయం మొత్తం గుమాస్తా బుర్రలో తాజాగా ఉంటుంది. దాని విలువేంటో తనకే తెలుసు. పదేళ్ల తర్వాత రికార్డు రూమ్‌లో ఉన్న కొత్త మనిషికి, దుమ్ము పట్టిన కట్ట చూసి ఏం తెలుస్తుంది? అందుకే వచ్చినవాళ్లు ఊహించక్కర్లేకుండా, తెలిసినవాళ్లే రాసిపెట్టి వెళ్లేవారు.

ఈ పద్ధతి ఏ ఆఫీసుకైనా పనికొస్తుంది. ఫైలు క్లోజ్ చేసే రోజు అట్ట మీద రెండు తేదీలు రాయండి. 'క్లోజ్ చేసింది ఫలానా తేదీ, ఉంచాల్సింది ఫలానా తేదీ దాకా'. అర నిమిషం పని. రేపు మీ సీట్లో ఎవరు కూర్చున్నా తడుముకోరు.

గంటన్నరలో టేబుల్ ఖాళీ.. ఇలా చేయండి

ఆదివారం దాకా ఆగక్కర్లేదు. రోజూ పని మొదలయ్యే ముందో, ఫోన్లు తక్కువగా ఉండే వేళలోనో గంటన్నర కేటాయిస్తే చాలు.

1. మొత్తం దించండి: టేబుల్ మీద, సొరుగుల్లో ఉన్నవన్నీ ఒక్కచోటికి తీయండి. కొంచెం కొంచెం సర్దితే అటువి ఇటు, ఇటువి అటు మారుతాయంతే. టేబుల్ ఖాళీగా ఉన్నప్పుడే ఓసారి తుడిచేయండి. కంప్యూటర్ వెనక వైర్లు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ కూడా చూడండి. కాగితాలు ప్లగ్గుల మీద పడి ఉంటే వెంటనే తీయండి. నిప్పంటుకోవడానికి అది చాలు.

2. నాలుగు అట్టపెట్టెలు పెట్టండి: 'ఎదురుచూస్తున్నారు', 'దాచాలి', 'పోవాలి', 'తెలియదు'. ప్రతి కాగితానికీ అదే ప్రశ్న.. దీనికోసం ఎవరైనా వస్తారా? ఒక్కో కాగితానికి పది సెకన్లకు మించి ఆలోచించొద్దు. తేలకపోతే 'తెలియదు' పెట్టెలోకి. పాత ఉత్తరాలు చదువుకుంటూ కూర్చున్నారంటే పని అక్కడే ఆగిపోతుంది.

3. 'ఎదురుచూస్తున్నారు' పెట్టెనే ముందు పట్టుకోండి: ఇందులో రెండు నిమిషాల్లో అయిపోయేవి బోలెడు ఉంటాయి. ఓ సంతకం, ఓ మెయిల్, ఓ ఫోన్. అవి అక్కడికక్కడే ముగించండి. మిగిలినవాటిని పాతది పైన, కొత్తది కింద ఉండేలా పేర్చండి. సాధారణంగా జరిగేది దీనికి రివర్స్. కొత్త కాగితం పైన పడుతుంది, అందరికంటే ముందొచ్చినవాళ్ల కాగితం అడుగుకు పోతుంది. ముందు వచ్చినవాళ్లకే ఆలస్యం జరగడానికి ఇదే కారణం.

4. 'తెలియదు' పెట్టె మీద తేదీ రాయండి: జపాన్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన 'ఫైవ్ ఎస్' పద్ధతిలో దీన్నే రెడ్ ట్యాగ్ అంటారు. అవసరమో కాదో తేలని వస్తువుకు ఎర్ర చీటీ కట్టి, తేదీ వేసి, ఓ మూల పెడతారు. అనుకున్న గడువులోగా ఎవరూ అడగకపోతే దాని సంగతి తేలుస్తారు. పెన్నులు, చార్జర్లు, పాత ప్రింటర్ లాంటివాటికి నెల గడువు చాలు. కాగితాలకు మాత్రం గడువొక్కటే సరిపోదు. సంబంధం ఉన్నవాళ్లను అడిగి తేల్చుకోవాలి.

5. ఇప్పుడు చోటివ్వండి: రోజూ వాడేది చెయ్యి చాపితే అందేంత దూరంలో. వారానికోసారి వాడేది సొరుగులో. నెలకోసారి వాడేది ర్యాక్‌లో. ఏడాదికోసారి వాడేది రికార్డు రూమ్‌లో. టేబుల్ మీద మిగలాల్సింది ఇవాళ్టి పని, రాసుకోవడానికో పుస్తకం, మంచినీళ్ల సీసా. అంతే.

ఫైవ్ ఎస్‌లో ఉన్న అయిదు మాటలు కూడా ఈ వరుసలోనే ఉంటాయి. సెయిరి అంటే ఏరడం, సెయిటన్ అంటే చోటివ్వడం, సెయిసో అంటే శుభ్రం చేయడం, సెయికెట్సు అంటే అందరికీ ఒకే పద్ధతి పెట్టడం, షిట్సుకె అంటే దాన్ని అలవాటు చేసుకోవడం. ఏరకుండా శుభ్రం చేయడం, పద్ధతి లేకుండా సర్దడం.. రెండూ నిలవవు.

ఏది ఎన్నాళ్లు దాచాలి?

'దాచాలి' పెట్టెలోని వాటికి చట్టం కూడా కొన్ని గడువులు పెట్టింది. ప్రైవేట్ ఆఫీసుల్లో ఎక్కువగా తగిలేవి రెండు.

* కంపెనీల చట్టం 2013 ప్రకారం అకౌంట్ పుస్తకాలు, వాటికి సంబంధించిన వోచర్లు కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి.
* జీఎస్టీ రికార్డులైతే, ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. అంటే ఆరేళ్లు. అప్పీలో, విచారణో నడుస్తుంటే ఇంకా ఎక్కువ కాలం ఉంచాల్సి వస్తుంది.

బ్యాంకు లోన్లు, ఉద్యోగుల పీఎఫ్, కోర్టు కేసులకు సంబంధించిన కాగితాలను మీ ఆడిటర్‌నో, లాయర్‌నో అడగకుండా ముట్టుకోకపోవడమే మేలు.

ప్రభుత్వ ఆఫీసుల్లో అయితే మరింత జాగ్రత్త కావాలి. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు వర్తించే పబ్లిక్ రికార్డ్స్ చట్టం 1993 ప్రకారం, పద్ధతి పాటించకుండా రికార్డు నాశనం చేస్తే 5 ఏళ్ల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆర్టీఐ కింద ఎవరైనా అడిగిన సమాచారాన్ని ధ్వంసం చేస్తే, సంబంధిత సమాచార అధికారికి 25 వేల రూపాయల దాకా పెనాల్టీ ఉంటుంది. అంతేకాదు, రికార్డులను జాబితా చేసి, వెతికితే దొరికేలా ఉంచాలని 2005 నాటి ఆ ఆర్టీఐ చట్టమే చెబుతోంది. అంటే బీరువా సర్ది ఉంచడం మంచి అలవాటు మాత్రమే కాదు, ప్రభుత్వ ఆఫీసుకు అది చట్టం పెట్టిన బాధ్యత.

మిర్చి బజ్జీ పొట్లంలో ఆధార్ జిరాక్స్!

ఇక 'పోవాలి' పెట్టె. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. చిత్తు కాగితాలన్నీ మూటగట్టి పాతసామాన్ల వాళ్లకు కిలోల లెక్కన అమ్మేస్తారు. అక్కడి నుంచి అవి ఎక్కడికి వెళ్తాయి? సాయంత్రం బండి దగ్గర మిర్చి బజ్జీ తిని పొట్లం విప్పి చూస్తే, ఎవరిదో బ్యాంకు స్టేట్‌మెంట్, ఎవరిదో ఆధార్ జిరాక్స్, ఫొటోతో సహా. ఇది కట్టుకథ కాదు, చాలామంది చూసే ఉంటారు.

కాబట్టి పేరు, ఫోన్ నంబరు, ఆధార్, పాన్, అకౌంట్ నంబరు, సంతకం.. వీటిలో ఏ ఒక్కటున్నా ఆ కాగితాన్ని ముక్కలు చేసే మిషన్‌లో వేయాల్సిందే. మిషన్ లేకపోతే చేత్తో అయినా చిన్న ముక్కలుగా చించి, నీళ్లలో నానబెట్టి పారేయండి. ఒక వైపే ప్రింటయిన కాగితాలను రఫ్ పనికి వాడుకోవడం మంచిదే, కానీ రెండో వైపు ఎవరి వివరాలున్నాయో తిప్పి చూడండి.

పాత కంప్యూటర్లు, కేబుళ్లు ఈ-వేస్ట్ కిందికొస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పెద్ద ఆఫీసులు వీటిని రిజిస్టర్డ్ సంస్థలకే ఇవ్వాలి. ఇచ్చే ముందు హార్డ్ డిస్క్‌లోని డేటా పూర్తిగా చెరిపించండి. ఫైలు డిలీట్ కొట్టినంత మాత్రాన పోదు. సొరుగులో ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో అసలే వేయొద్దు.

టేబుల్ ఖాళీ.. మరి కంప్యూటర్?

ఇప్పుడు చాలా ఆఫీసుల్లో కాగితం తగ్గింది. హైటెక్ సిటీలోని ఐటీ కంపెనీల్లో రోజుకో సీటు పద్ధతి ఉన్నచోట టేబుల్ మీద ఏమీ మిగల్చడానికి వీల్లేదు. సమాచార భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 27001 ప్రమాణంలో కూడా 'టేబుల్ ఖాళీ, స్క్రీన్ ఖాళీ' అన్నది ఓ నియమం. లేచి వెళ్లేటప్పుడు కాగితాలు లోపల పెట్టాలి, స్క్రీన్ లాక్ చేయాలి.

అయితే గుట్ట పోయిందా? లేదు, స్క్రీన్‌లోకి దూరింది. డెస్క్‌టాప్ నిండా ఐకాన్లు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో వేల ఫైళ్లు. 'రిపోర్ట్ ఫైనల్', 'రిపోర్ట్ ఫైనల్ 2', 'రిపోర్ట్ అసలు ఫైనల్'. ఆఫీసు గ్రూపులో వచ్చిన ముఖ్యమైన బిల్లు ఫొటో, గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల మధ్య ఎక్కడో.

దీనికి కూడా అదే మందు. ఫైలు పేరు ముందు తేదీ పెట్టండి, సంవత్సరం, నెల, రోజు వరుసలో. ఉదాహరణకు '2025-10-07 కరెంటు బిల్లు'. అప్పుడు కంప్యూటరే వాటిని వరుసగా పేర్చిపెడుతుంది. 'జరుగుతున్నవి', 'పూర్తయినవి' అని రెండే ఫోల్డర్లతో మొదలుపెట్టండి. వాట్సాప్‌లో వచ్చిన ఆఫీసు కాగితాన్ని ఆ రోజే కంప్యూటర్‌లోకి మార్చుకోండి. ఫోన్ పోతే దాంతోపాటు బిల్లు కూడా పోకూడదు కదా!

పక్కవాళ్ల టేబుల్ జోలికి వెళ్లొద్దు

సర్దే ఊపులో ఉన్నప్పుడు పక్క సీటు, ఉమ్మడి బీరువా కూడా సర్దేయాలనిపిస్తుంది. ఆగండి. మీకు చెత్తలా కనిపించింది వాళ్లకు అవసరం కావచ్చు. ట్రాన్స్‌ఫర్ అయినవాళ్లు, రిటైరైనవాళ్లు వదిలి వెళ్లిన కట్టలైతే మరీ జాగ్రత్త. అలాంటివి తీయాల్సి వస్తే పైఅధికారికి చెప్పి, ఇంకొకరిని పక్కన ఉంచుకుని తెరవండి. ఏమేం ఉన్నాయో జాబితా రాసి సంతకాలు పెట్టించండి. తీసేసేవాటికి అనుమతి కాగితం తీసుకోండి. ధవళేశ్వరం ఘటన తర్వాత ఎవరికైనా ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

'మొత్తం తీసుకెళ్లి పారేయ్' అని అటెండర్‌కు చెప్పి వదిలేయడం కూడా సరికాదు. ఏది ఉంచాలో తెలిసింది మీకు, రేపు మాట పడేది ఆయన.

మళ్లీ గుట్ట కాకుండా ఉండాలంటే..

ఒక్కరోజు సర్దితే నెల రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది. మూడు అలవాట్లు చాలు.

* సాయంత్రం లేచే ముందు 5 నిమిషాలు టేబుల్ కోసం. మిగిలినవి లోపల పెట్టి, రేపు మొదట తీయాల్సిన ఒక్క ఫైలు పైన ఉంచండి.
* కొత్త కాగితం చేతికొచ్చినప్పుడే దాని మీద వచ్చిన తేదీ వేయండి, తర్వాత ఏం చేయాలో ఒక్క మాట రాయండి. 'సంతకం కావాలి', 'ఫోన్ చేయాలి', 'ఫైల్ చేయాలి'. రెండోసారి మొత్తం చదవాల్సిన పని ఉండదు.
* శుక్రవారమో, శనివారమో ఓసారి పెండింగ్ దొంతర అడుగు నుంచి చూడండి. అన్నిటికంటే కింద ఉన్న కాగితం ఎవరిదో, ఎందుకు ఆగిందో తెలుసుకోండి. పని కాకపోయినా వాళ్లకు ఫోన్ చేసి 'ఇంకా వారం పడుతుంది' అని చెప్పండి.

ఆ చివరి ఫోన్‌కు పట్టేది నిమిషమే. కానీ అవతలివాళ్లకు అదెంత విలువైందో, కౌంటర్ ముందు నిలబడి 'రేపు రండి' అనిపించుకున్న ఎవరిని అడిగినా చెబుతారు. ఓ ఊరి నుంచి బస్సెక్కి, ఆ రోజు కూలి వదులుకుని వచ్చి, 'ఫైలు కనిపించట్లేదు' అన్న మాట విని తిరిగెళ్లే మనిషికి టేబుల్ ఎంత నీట్‌గా ఉందన్నది లెక్క కాదు. తన కాగితం దొరికిందా లేదా అన్నదే లెక్క.

కాబట్టి రేపు ఉదయం పదిన్నరకు ఫోన్ మోగినప్పుడు, 'ఒక్క నిమిషం.. ఆ, ఇదిగో ఉంది' అనగలిగితే చాలు. మీ టేబుల్ సర్దినట్టే!